పడవలో తొట్టెల ఎవరిది

కామారెడ్డిలో నా సీటు కవర్ల దుకాణానికి వచ్చే లారీ డ్రైవర్లు నన్ను ‘తొట్టెల సేటు’ అంటారు. చంటిపిల్లల ఉయ్యాలను మా వైపు తొట్టెల అంటాం. క్యాబిన్‌లో వేలాడదీసుకుని పడుకునే గుడ్డ పడకలు కుడతాను కనుక నాకు ఆ పేరు. పెద్దవాళ్ళు పడుకునే తొట్టెలను కనిపెట్టినవాడినని చుట్టుపక్కల మండలాల్లో చెప్పుకుంటారు. నేను కనిపెట్టలేదు.

దాన్ని మొదట కట్టింది లింగంపేట మండలంలో ఒక చిన్న ఊరి మనిషి. నాకంటే పన్నెండేళ్ళు పెద్ద. అన్నా అని పిలిచేవాణ్ణి. ఆయన దాన్ని సముద్రం మీద, ఒక చెక్క లాంచీలో, నేను లేవలేకుండా పడి ఉన్నప్పుడు నా కోసం కట్టాడు. తర్వాత ఒక రోజు ఆ లాంచీ నడిపే ఆయన ‘ఇది ఎవరి తెలివి’ అని నన్ను అడిగాడు. అప్పుడు అన్న నా వెనకే, చేతిలో తాడు చుట్టతో నిలబడి ఉన్నాడు. నేను వెనక్కి తిరిగి ఆయన్ని చూపించలేదు. అప్పుడు చెప్పని మాటను ఇరవై ఏళ్ళు చెప్పకుండానే బతికాను. ఆయన నాకు చేసిన మేలును కూడా దానితోపాటే దాచేశాను. మేలు చెబితే, ఆ మనిషి ఎవరు, ఇప్పుడు ఎక్కడున్నాడు అని అడుగుతారు కదా. ఇప్పుడు రెండూ చెబుతాను. మేలు ముందు చెబుతాను, అదే పెద్దది.

నాది ఎల్లారెడ్డి. బస్టాండు దగ్గర ఒక దర్జీ ఉస్తాద్ దగ్గర కాజాలు కుట్టడంతో మొదలుపెట్టి ప్యాంట్లు కత్తిరించే దాకా వచ్చాను. రెడీమేడ్ బట్టలు వచ్చాక ఉస్తాద్‌కే పని లేకుండా పోయింది, ఇక నాకేం ఉంటుంది. మా వాడలో సగం మంది గల్ఫ్‌లోనే ఉండేవాళ్ళు. నేనూ పోయాను. పోర్టులో పని అన్నాడు ఏజెంటు. పోర్టు ఇంకా కట్టనేలేదని, కట్టడానికే మమ్మల్ని తీసుకున్నారని అక్కడికి పోయాక తెలిసింది. అది కూడా ఒడ్డున కాదు, సముద్రం లోపల ఒక బోడి దీవి మీద. అక్కడికి చేరాలంటే లాంచీలో మూడు రోజులు పడుతుంది.

లాంచీ అంటే పెద్ద ఓడ అనుకునేరు. నా దుకాణం ముందు రెండు లారీలు ఒకదాని వెనక ఒకటి ఆపితే ఎంత పొడవో అంతే. సిమెంటు బస్తాలు, నీళ్ళ డ్రమ్ములు, ఉల్లిగడ్డలు, కాళ్ళు కట్టేసిన అయిదారు మేకలు. వాటి మధ్య ఎక్కడ సందు దొరికితే అక్కడ పద్నాలుగు మందిమి. నడిపే పెద్దమనిషిని నాఖుదా అనేవాళ్ళు. గుజరాత్ తీరం ఆయన. తాతల నాటి నుంచి ఆ ఇంట్లో అందరూ సముద్రం మీదే బతికారట. చెడ్డవాడు కాదు గానీ, ఆయన లెక్కలో మేమూ సామానే. “సిమెంటు వాంతి చేసుకోదు, మీరు చేసుకుంటారు, అంతే తేడా” అని హిందీలో అని నవ్వేవాడు.

రేవులో ఎక్కేటప్పుడు భయపడుతున్న వాళ్ళందరికీ ధైర్యం చెప్పింది నేనే.

“నిజాంసాగర్‌ల ఎన్నిసార్లు పడవ ఎక్కలే? యాడైన నీళ్ళు నీళ్ళే” అన్నాను.

పక్కన గుడ్డసంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ఒకాయన నా వైపు చూశాడు. 

“ఏ ఊరు తమ్మీ?”

“ఎల్లారెడ్డి.”

“మాది లింగంపేట దిక్కు. నిజాంసాగర్‌ల గట్టు కనవడ్తది తమ్మీ. ఈడ కనవడదనుకుంట.”

“కనవడకపోతే ఏమైతది?”

“ఏమో, నాకేం ఎరుక. నేను వ్యవసాయ బావిల తప్ప యాడ ఈత గొట్టలే” అన్నాడు.

ఆ అన్నతో నా పరిచయం అదీ. రేవు కనుమరుగైన గంటకే నేను పడవ అంచు పట్టుకుని వంగిపోయాను. ఆయన నా వీపు నిమురుతూ, “ఏం నిజాంసాగర్, గట్టు కనవడ్తుందా?” అన్నాడు. ఆ తర్వాత నా అసలు పేరు ఎప్పుడూ పిలవలేదు.

వాంతుల గురించి వివరంగా రాయను. కడుపులో ఏమీ మిగలకపోయినా వాంతి ఆగదని, చివరికి ఒట్టి చప్పుడే వస్తుందని ఆ రోజే తెలిసింది. చిన్న పడవ ముందుకు పోతున్నట్టే ఉండదు. ఒక పక్కకి ఒరుగుతుంది, అక్కడే కాసేపు ఆగుతుంది, ఇక పడిపోయాం అనుకునేసరికి రెండో పక్కకి ఒరుగుతుంది. బస్తాల మీద పడుకుంటే వాటి మూలలు ఒకసారి పక్కటెముకల్లో గుచ్చుకుంటాయి, ఒకసారి నడుములో. కూర్చుంటే తల తిరుగుతుంది. నిలబడదామంటే పట్టుకోవడానికి ఏమీ ఉండదు. ఇంజను పొగ, మేకల వాసన, తడిసిన సిమెంటు వాసన. మూడు రోజుల ప్రయాణంలో మనిషి ఒళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో ఆ పడవ చేసినవాళ్ళు ఆలోచించలేదు.

ఆలోచించింది అన్న ఒక్కడే. ఆయనకీ సముద్రం కొత్తే. కానీ తనకు తెలిసిన వాటితోనే చూసుకున్నాడు. నన్ను పడవ వెనక భాగం నుంచి లేపి నడుమకు తెచ్చాడు. “బండిల గిట్ల ముంగట కూసుంటే ఎగరేస్తది, ఎన్క కూసుంటే కుదేస్తది. నడుమ కూసుంటేనే నయం” అన్నాడు. సంచిలోంచి మక్క పేలాలు తీసి నాలుగంటే నాలుగే నా చేతిలో పెట్టాడు. సొంత చేలో పండిన మొక్కజొన్న, వదిన వేయించి ఇచ్చినవి. “మెల్లగ నములు. నీళ్ళు దాగకు. నాలుగు ఆగితే ఇంకో నాలుగిస్త.” మొదటి నాలుగూ ఆగలేదు. మళ్ళీ నాలుగిచ్చాడు. అవీ ఆగలేదు. మూడోసారి ఇచ్చినవి ఆగాయి. ఆయన ముఖంలో ఎంత సంతోషమో.

ఆయన ఇంట్లో వదిన బీడీలు చుట్టేది. బీడీ కట్టలు సంచిలో చాలానే ఉన్నాయి, ఆయనకూ తాగే అలవాటు ఉంది. మూడు రోజులు ముట్టలేదు. మా పక్కన ఎవరో బీడీ వెలిగించబోతే, “మా ఇంటిది పొద్దంత చుట్టేటియే గవి. నేనే తాగుతలేను, నువ్వు తాగుతవా? అటు మేకల కాడికి పో” అని తరిమాడు.

ఇంకొకటి ఉంది. రాయడానికి సిగ్గేస్తుంది, కానీ రాయకపోతే మేలు మొత్తం చెప్పినట్టు కాదు. ఆ లాంచీలో సండాస్ అంటే పడవ వెనక, నీళ్ళ మీదకు వేలాడగట్టిన ఒక చెక్క పెట్టె. అడుగున రంధ్రం, దాని కింద సముద్రం. ఒంట్లో సత్తువ ఉన్నవాళ్ళే అందులో కూర్చోవడానికి భయపడేవాళ్ళు. నేను నిలబడలేని స్థితిలో ఉన్నాను. అన్న తన కండువా ఒక కొస నా నడుముకు కట్టి, రెండో కొస తన చేతికి చుట్టుకుని, మొహం అటు తిప్పుకుని నిలబడ్డాడు. “సిగ్గువడకు తమ్మీ. నేను మేకల్ని చూస్తున్న” అన్నాడు. కన్నతండ్రి తర్వాత నాకు అంత చేసినవాడు ఆయనే.

రెండో రోజు పొద్దున నాకు కళ్ళు తెరిచే ఓపిక కూడా లేదు. అన్న సంచి అడుగు నుంచి ఒక పాత నూలు చీర తీశాడు. నీలం వెలిసి బూడిద రంగుకు తిరిగిన చీర. వదినది. పరుచుకోవడానికి ఇచ్చి పంపింది. ఇద్దరు పిల్లల్ని ఆ చీరలోనే వేసి పెంచిందట. కూలికి పోయినప్పుడు చేను గట్టున చెట్టు కొమ్మకు ఆ చీర కట్టి, పిల్లను అందులో పడుకోబెట్టి కలుపు తీసేదట. పడవ పైన నీడ కోసం కట్టిన దూలాలు ఉన్నాయి. అన్న వాటిని కాసేపు చూసి, చీర కొసలు రెండు దూలాలకు కట్టి, నన్ను ఎత్తి అందులో వేశాడు.

మొదట తప్పు కట్టాడు. పడవకు అడ్డంగా కట్టాడు. పడవ ఒరిగినప్పుడల్లా నేను తల వైపుకు జారి చెక్కకు కొట్టుకున్నాను. “ఆగాగు, తప్పు గట్టిన” అని విప్పేసి, ఏమీ చేయకుండా కూర్చున్నాడు. కొక్కేనికి చాయ్ కెటిల్ వేలాడుతూ ఉంది. దాన్నే చూస్తూ ఉన్నాడు. పడవ ఎటు ఒరిగినా కెటిల్ నిటారుగానే ఉంది. చివరికి లేచి, చీరను పడవ పొడవునా, ముందు నుంచి వెనక్కి కట్టాడు. చీపురు కర్ర ఒకటి విరిచి తల దగ్గర అడ్డం పెట్టాడు, గుడ్డ మొహం మీద మూసుకోకుండా. చంటిపిల్లల తొట్టెలకు ఆడవాళ్ళు పెట్టేదే.

అందరూ నవ్వారు. నిజామాబాద్ వైపు మేస్త్రీ ఒకడు, మంచి లావుపాటి మనిషి, గట్టిగా అన్నాడు: “ఏందన్నా, తొట్టెలల ఏసినవ్, జోల పాడవా?”

“పాడుత గని, నువ్వు గూడ నిద్రవోతవేమో. నిన్ను మోసెటంత చీర నా తాన లేదు” అన్నాడు అన్న.

“పాలసీస మర్చినవే!” అన్నాడు ఇంకొకడు.

నాకు ఆ మాటలు వినిపించడం తగ్గుతూ వచ్చింది. పడవ నా చుట్టూ ఊగుతోంది, నేను ఊగడం లేదు. ఒరిగి, ఆగి, పడిపోతామనిపించే ఆ క్షణం నా ఒంట్లోకి రావడం మానేసింది. ఇరవై నాలుగు గంటల తర్వాత మొదటిసారి నిద్రపోయాను. ఎండ మొహం మీద పడకుండా ఆయన తన అంగీ విప్పి పైన కట్టాడని లేచాక చూశాను.

సాయంత్రానికి మేస్త్రీ మెల్లగా వచ్చాడు. “అన్నా... జర్ర సేపు నన్ను గూడ...”

“జోల పాడాల్నా?” అన్నాడు అన్న. పడవంతా నవ్వు. చీర చిరుగుతుందేమో అనుకుంటూనే పడుకోబెట్టాడు. చిరగలేదు.

దీవి మీద పని ఉన్న రెండు నెలలూ, సాయంత్రం పూట మేము తొట్టెలలు కుట్టాం. టార్పాలిన్ ముక్కలు, ఖాళీ బియ్యం సంచులు. కుట్టు నాది. ఎంత వెడల్పు, ఎక్కడ కర్ర పెట్టాలి, ఏ ముడి జారదు, కాళ్ళ వైపు ఎంత కిందికి ఉండాలి, అన్నీ ఆయనవి. ఆయన చెప్పేవాడు, పడుకుని చూసేవాడు, విప్పించి మళ్ళీ కుట్టించేవాడు. పట్టుకుని నిలబడడానికి పడవ పక్కలకు తాళ్ళు కట్టాలన్నదీ ఆయనే. ఒక సాయంత్రం దారం కొరుకుతూ అన్నాడు: “ఒడ్డు మీద ఏదన్న పని దొరికితే మంచిగుండు తమ్మీ. ఈ రాళ్ళు మోసుడుకు మోకాళ్ళు గుంజుతున్నయ్.” ఆయన నన్ను అడిగింది ఏమీ లేదు, ఊరికే అన్నాడు. ఆ మాట నాకు బాగా గుర్తుంది. గుర్తుండీ చేశాను కనుకనే ఇది రాయాల్సి వస్తోంది.

తిరుగు ప్రయాణంలో పద్నాలుగు మందిమీ పద్నాలుగు తొట్టెలల్లో పడుకుని వచ్చాం. ముగ్గురో నలుగురో తప్ప ఎవరూ వాంతి చేసుకోలేదు. నాఖుదాకు అది వింతగా ఉంది. రేవుకు చేరాక, పట్టపగలు, అందరి ముందు, ఒక తొట్టెలను చేత్తో ఊపుతూ నన్ను అడిగాడు. నన్నే ఎందుకు అడిగాడంటే, అప్పుడు సూది దారం పట్టుకుని చిరిగిన అంచు కుడుతున్నది నేను.

“యే కిస్కా దిమాగ్ హై?”

“హమారా హై, నాఖుదా సాబ్” అన్నాను.

ఆ మాట నోట్లోంచి వచ్చినప్పుడు నేను దొంగతనం చేయలేదు. మనం దేన్నయినా ‘మా’ అనే అంటాం. ఒక్కడే కొనుక్కున్న సైకిలు కూడా మా సైకిలే. కట్టుకున్న భార్య కూడా మా ఆవిడే. ‘మాది’ అనుకుని దాన్నే హిందీలోకి మార్చి ‘హమారా’ అన్నాను. కానీ హిందీ మాట్లాడే వాళ్ళు ఒక్కడి సొంతాన్ని కూడా హమారా అంటారు. నాఖుదా అలాగే విన్నాడు. “షాబాష్” అని నా భుజం మీద చరిచి, “పద, సేటు దగ్గరికి” అన్నాడు.

అక్కడ చెప్పాలి. నా ఒక్కడిది కాదు, అదిగో ఆయనది అని. అయిదు మాటలు. వెనక్కి తిరిగితే చాలు, మాటలు కూడా అక్కర్లేదు. నేను తిరగలేదు. నాఖుదా వెంట నడిచాను.

లాంచీల యజమాని తన నాలుగు లాంచీల్లోనూ మనుషులకు తొట్టెలలు, మెత్తటి బెంచీలు, పట్టుకునే తాళ్ళు పెట్టించాలన్నాడు. ఆ పని కోసం రేవు పక్కన ఆయన కార్ఖానాలో నన్ను పెట్టుకున్నాడు. నీడలో పని. ఫ్యాను. రాత్రి మంచం. నేను మళ్ళీ ఆ దీవికి పోలేదు. అన్న నాలుగేళ్ళు పోయి వచ్చాడు, మేమిద్దరం చేసిన తొట్టెలలోనే.

ఒడ్డుకు వచ్చినప్పుడల్లా కార్ఖానాకు వచ్చి నన్ను చూసి పోయేవాడు. బెంచీ మీద కూర్చుని పాలు లేని చాయ్ తాగేవాడు. నేను కుట్టిన పరుపులు నొక్కి చూసి, “నడుం కాడ ఇంకింత మందం పెట్టు తమ్మీ, కూసునేటోనికి ఆడనే నొస్తది” అనేవాడు. ఆయన చెప్పినట్టే పెట్టేవాణ్ణి, దానికీ నన్నే మెచ్చుకునేవాళ్ళు. లేచేముందు ప్రతిసారీ ఒకటే అడిగేవాడు: “సేటు ఏమన్న అడిగిండా?”

“ఏం లేదన్నా” అనేవాణ్ణి. పని ఎలా ఉందని అడుగుతున్నాడనుకున్నాను. అనుకున్నానో, అలా అనుకుంటే సుఖంగా ఉంటుందని అనుకున్నానో, ఇప్పుడు చెప్పలేను.

నాలుగో ఏట, ఆయన కంటే కొన్ని నెలల ముందే నేను ఇంటికి వచ్చేశాను. చేతిలో పని ఉంది కనుక కామారెడ్డిలో దుకాణం పెట్టాను. ఆటోలకు, ట్రాక్టర్లకు, డీసీఎం వ్యాన్లకు సీట్లు. తర్వాత లారీ తొట్టెలలు. ఈ రోజు నా ఇల్లు గడుస్తున్నదంటే ఆయన చీపురు కర్ర విరిచి పెట్టిన ఆ ఆలోచన వల్లే. ఇల్లు మాత్రం ఎల్లారెడ్డిలోనే ఉంది. రోజూ బస్సులో పోయి వస్తాను. బస్సు లింగంపేట మీదుగానే పోతుంది. ఆయన తిరిగి వచ్చాడని, ఊళ్ళోనే ఉంటున్నాడని విన్నాను. ఆయన ఊరి దారి రోడ్డుకు ఏ పక్కన చీలుతుందో తెలుసు కనుక, బస్సులో ఎప్పుడూ రెండో పక్క కిటికీ దగ్గర కూర్చునేవాణ్ణి. అటు సీటు దొరక్కపోతే నిద్రపోతున్నట్టు కళ్ళు మూసుకునేవాణ్ణి. ఇన్నేళ్ళూ.

ఈ మధ్య ఎవరో యూట్యూబ్ చానల్ వాళ్ళు దుకాణానికి వచ్చి వీడియో తీశారు. “ఈ ఐడియా ఎవరిదండీ?” అని మైకు పెట్టారు. “మాదే” అన్నాను. మళ్ళీ అదే మాట. ఈసారి తెలుగులో అన్నాను కనుక భాష మీద నెపం వేయడానికి కూడా లేదు.

రెండు వారాల తర్వాత ఒక లారీ డ్రైవరు తొట్టెల కోసం వచ్చాడు. క్యాబిన్ ఎక్కి టేపుతో కొలత తీసుకుంటుంటే కింద నుంచి అన్నాడు:

“సేటూ, నీకొక నవ్వులాట చెప్పాల్నా? మా ఊర్ల ఒక ముసలాయన ఉన్నడు. నీ వీడియో సూసి, గా తొట్టెల ముందుగాల కట్టింది నేనే అంటుండు.”

“ఏ ఊరు?” అన్నాను. చెప్పాడు. అదే ఊరు.

“ఊరోల్లేమంటున్నరు?”

“ఏమంటరు, సముద్రం తవ్వింది గూడ నువ్వేనా తాతా అంటున్నరు. గాయన ఊకుంటడా? ‘మాదే అన్నడు ఇనుర్రి, నాదే అనలే. మాది అంటే అండ్ల నేను గూడ ఉన్న’ అని లొల్లి. పోరగాండ్లు పడవ తాత అని పేరు వెట్టిండ్రు. పాపం, ఎక్కిరిస్తున్నరని చాయ్ హోటల్ కాడికి వచ్చుడే బంద్ చేసిండు.”

టేపు నా చేతిలోంచి జారి చర్రున చుట్టుకుపోయింది. ఇన్నాళ్ళూ నేను లాక్కున్నది ఆయనకు రావాల్సిన ఒక పనిని మాత్రమే అనుకున్నాను. ఇప్పుడు ఆయన సొంత ఊళ్ళో ఆయన మాటకే విలువ లేకుండా చేశాను. అబద్ధాల ముసలోడని నవ్వులపాలవుతూ కూడా ఆయన నన్ను కాపాడుతున్నాడు. నాదే అనలేదు, మాది అన్నాడు అని.

ఆ రాత్రి మా ఆవిడకు మొత్తం చెప్పాను. ఆమె అంతా విని ఒకటే అంది: “గంత జేసిన మనిషి గురించి నాకొక్కనాడు చెప్పకపోతివి. పొద్దుగాల పో.”

మర్నాడు బస్సులో ఆయన ఊరి దారి చీలే పక్కనే కిటికీ దగ్గర కూర్చున్నాను. లింగంపేటలో దిగి ఆటోలో ఆ ఊరికి పోయాను. రోడ్డు సగం మక్కలు ఆరబోసి ఉన్నాయి, ఆటో పక్కకు దిగి దిగి పోయింది. ఇల్లు వెతకాల్సిన పని పడలేదు. అరుగు మీద నలుగురు ఆడవాళ్ళు ఒళ్ళో చాటలు పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. వాళ్ళ వెనక, రెండు గుంజల మధ్య, ఒక తొట్టెల. తల దగ్గర అడ్డంగా కర్ర. అందులో తెల్లటి గడ్డంతో అన్న.

“గా ఫోన్ల ఉన్నాయన గాదా?” అంది ఒకామె. వదిన అని తర్వాత తెలిసింది.

తొట్టెల కదిలింది. తల పైకి లేచింది. కార్ఖానా వదిలి వచ్చాక ఆయన్ని చూడటం అదే మొదలు.

“నిజాంసాగర్!” అన్నాడు. “గట్టు కనవడ్డదా తమ్మీ?”

ఆయన గుంజ పట్టుకుని మెల్లగా లేచి కూర్చున్నాడు. “నేల మీద పంటే నిద్ర వస్తలేదు. నాలుగేండ్లు ఊగి ఊగి గిట్లయిపోయిన.”

“పిల్లల తొట్టెల ఇప్పి ఇరవై ఏండ్లాయె. ఇగ ఈ చంటోనికి కట్టిన” అంది వదిన. అరుగంతా నవ్వింది. ఆమె లేచి చాయ్ పెట్టడానికి లోపలికి పోయింది. నా మీద కోపం ఉన్నట్టు ఆ ఇంట్లో ఎవరి ముఖంలోనూ కనిపించలేదు. అది ఉంటే నాకు సులువుగా ఉండేది.

“అన్నా” అన్నాను, “ఆ దినం రేవుల నువ్వు నా ఎన్కనే ఉన్నవ్. నాఖుదా అడిగింది, నేను చెప్పింది, ఇన్నవా?”

“ఇన్న. హమారా అన్నవ్.”

“మరెందుకు ఊకున్నవ్?”

“ఊకునుడేంది?” ఆయనకు నిజంగానే నా ప్రశ్న అర్థం కానట్టు ఉంది. “మాది అన్నవ్ గదా. నాకు సంబురమైంది. ఇయ్యాల నిన్ను పిలిచిండ్రు, రేపో ఎల్లుండో నన్ను పిలుస్తరనుకున్న. సంచి గూడ సదిరి పెట్టుకున్న.” మోకాలు నిమురుకున్నాడు. “అందుకే నీ తానికి వచ్చినప్పుడల్ల సేటు ఏమన్న అడిగిండా అంటుంటి. తర్వాత తర్వాత, ఇగ మర్చినట్టున్నరు అనుకున్న.”

చాయ్ గ్లాసులతో వచ్చిన వదిన గడప దగ్గరే నిలబడింది. ఆయన నాలుగేళ్ళు ప్రతి రెండు నెలలకోసారి ఒడ్డుకు వచ్చి, సంచి సర్దుకుని, నేను అన్న ఆ ఒక్క మాటను నమ్ముకుని ఎదురుచూశాడు.

“అన్నా, చాయ్ హోటల్ దాక పోదాం” అన్నాను.

“వద్దు తమ్మీ. మోకాళ్ళు సరింగ లెవ్వు. ఆడికి పోతే ఎక్కిరిస్తరు.”

“అందుకే పోదాం.”

వదిన ఆయన ముఖం చూసి, నా ముఖం చూసి, గుంజకు వేసి ఉన్న కండువా తీసి ఆయన భుజం మీద వేసింది. “పో. పడవోలె ఊగకుంట పట్టుకపోతడు తీయ్” అంది. ఆయన ఒక చేయి నా భుజం మీద వేశాడు. నేను ఆయన నడుము పట్టుకున్నాను. హోటల్ ఎంతో దూరం లేదు గానీ రెండుసార్లు ఆగాం. ఆగినప్పుడు ఆయన, “ఇప్పుడు గూడ సీట్లల్ల నడుం కాడ మందం పెడుతున్నవా?” అని అడిగాడు. పెడుతున్నానన్నాను.

హోటల్ ముందు బల్లల మీద ఎనిమిది, పది మంది ఉన్నారు. నాకు తొట్టెల కొలత ఇచ్చిన డ్రైవరు కూడా ఉన్నాడు. “అరే, తొట్టెల సేటు! పడవ తాతతోని!” అని లేచాడు. ఇంకెవరో నవ్వబోయారు. అన్న తల దించుకున్నాడు. ఆయన్ని బల్ల మీద కూర్చోబెట్టి, నేను ఆయన ఎదురుగా నిలబడ్డాను. నేను మాట్లాడింది ఆయనతోనే, కానీ అక్కడున్న అందరికీ వినబడేలా మాట్లాడాను. చీర సంగతి, చాయ్ కెటిల్ సంగతి, చీపురు కర్ర, మక్క పేలాలు, నా నడుముకు కట్టిన కండువా, అన్నీ చెప్పాను. చివరికి మిగిలింది చెప్పాను.

“అన్నా, ఆ దినం మాది అన్న. మొన్న వీడియోల గూడ మాదే అన్న. రెండుసార్లు తప్పు జెప్పిన. అది నీది. ఒడ్డు మీద నువ్వు కూసునే జాగల నేను కూసున్న. నువ్వు ఎదురుసూస్తున్నవని సోయి లేకుంట, ఏం లేదన్నా, ఏం లేదన్నా అనుకుంట నిన్ను మళ్ళ మళ్ళ పడవ ఎక్కిచ్చిన. నన్ను మాఫ్ చెయ్యే.”